హయబుసాకి ట్రాక్ మీద ఎంత గాలి? ఒక ప్రాజెక్టు డైరీ

మొదలుపెట్టే ముందు

బండి సుజుకి మూడో తరం హయబుసా. పెట్రోలు, ఆయిలు అన్నీ నిండితే 264 కిలోలు. లెదర్ సూటు, హెల్మెట్, బూట్లతో కలిపి నేను 90 కిలోలు. ముందు టైరు 120/70 జడ్‌ఆర్ 17, వెనకది 190/50 జడ్‌ఆర్ 17. రెండూ బండితో వచ్చిన రకమే, బ్రిడ్జ్‌స్టోన్ ఎస్22. గాలి ఎంతుండాలని మాన్యువల్ చూస్తే ముందూ వెనకా 290 కిలోపాస్కల్స్, అంటే 42 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత).

ఆ 42 రోడ్డు కోసం రాసిన అంకె. వెనక సీట్లో మనిషి ఉండొచ్చు, సామాను ఉండొచ్చు, హైవే మీద గంటల తరబడి ఒకే వేగం ఉండొచ్చు, నెలల తరబడి గాలి చూడని ఓనరూ ఉండొచ్చు. అన్నిటికీ సరిపోవాలి. ట్రాక్ మీద వెనక మనిషి లేడు, సామాను లేదు, ఇరవై నిమిషాలకోసారి బండి పిట్‌లోకి వస్తుంది, గేజ్ చేతిలోనే ఉంటుంది. కాబట్టి 42 నుంచి దించాలన్న దాంట్లో ఎవరికీ పేచీ లేదు. ఎంతకి దించాలన్నదే గొడవ.

ట్రాక్‌కి తరచూ వచ్చేవాళ్లని అడిగితే "ముందు 31, వెనక 30 పెట్టెయ్ బ్రో" అని ఠక్కున చెప్తారు. అలా చెప్పేవాళ్ల బండ్లు దాదాపు అన్నీ 200 కిలోల సూపర్‌బైకులు. ఇంకొందరు వెనక 24, 25 అంటారు. అవి స్లిక్ టైర్ల (గాడులు లేని రేసు టైర్ల) అంకెలు, అదీ వార్మర్ (టైరును కాచే దుప్పటి) మీద కాగిన తర్వాత చూసినవి. రోడ్డు టైరుకి చల్లగా ఉన్నప్పుడు ఆ అంకె పెట్టి బయటికి వెళ్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ప్రపంచ స్థాయి బైకు రేసు మోటోజీపీలో ముందు టైరుకు 2024 నుంచి కనీస ప్రెజర్ 1.8 బార్, అంటే 26 పీఎస్ఐ చిల్లర. అది విని మనమూ 26కి దింపుదామా అంటే, ఆ బండి కనీస బరువు 157 కిలోలు. నా బండికీ దానికీ మధ్య తేడాయే వంద కిలోలు దాటింది.

ఇంత బరువు బండిని ట్రాక్ మీదకి తేవడమేమిటని నవ్వేవాళ్లు ఉంటారు. అమెరికాలో 2020లో లగూనా సెకా ట్రాక్ మీద కింగ్ ఆఫ్ ద బ్యాగర్స్ అని ఒక రేసు పెట్టారు. హార్లీ రోడ్ గ్లైడ్‌లు, ఇండియన్ చాలెంజర్‌ల లాంటి భారీ టూరింగ్ బండ్లు, పక్కన పెట్టెలతో సహా. మరుసటి ఏడాదికి అదొక పూర్తి సిరీస్ అయింది. వాటి ముందు నా హయబుసా సన్నటిదే.

ఈ డైరీలో తేల్చుకోవాల్సింది ఒక్కటే: తేలిక బండ్ల వాళ్ల అంకె ఈ బరువుకి పనికొస్తుందా, రాకపోతే ఎక్కడ ఆగాలి.

కాగితం మీద లెక్క

బండీ నేనూ కలిసి 354 కిలోలు. కదలకుండా ఉన్నప్పుడు సుమారు సగం సగం, అంటే ముందు టైరు మీద 177. గట్టిగా బ్రేకు పట్టగానే బరువు ముందుకు మళ్లుతుంది. ఎంత మళ్లుతుందన్నది బ్రేకు ఎంత గట్టిగా పట్టాం, గరిమనాభి ఎంత ఎత్తున ఉంది, చక్రాల మధ్య దూరం ఎంత అన్న వాటిని బట్టి ఉంటుంది. ఈ బండి వీల్‌బేస్ 1.48 మీటర్లు. గరిమనాభి 0.6 మీటర్ల ఎత్తున ఉందనీ, బ్రేకు 0.9 జీ (గురుత్వ త్వరణంలో 0.9 వంతు) అనీ అనుకుంటే 129 కిలోలు ముందుకు వచ్చి పడతాయి. మొత్తం 306. ఇదే నేను 200 కిలోల బండి ఎక్కితే, వీల్‌బేస్ 1.43 అనుకుని ఇదే లెక్క వేస్తే 255 దగ్గర ఆగుతుంది. ప్రతి బ్రేకింగ్‌లోనూ నా ముందు టైరు యాభై కిలోలు ఎక్కువ మోస్తోందన్నమాట.

ముందు టైరు సైడ్‌వాల్ మీద 58డబ్ల్యూ అని ఉంటుంది. 58 అంటే 236 కిలోలు, డబ్ల్యూ అంటే గంటకు 270 కిలోమీటర్లు. ఆ 236 కూడా నిండు గాలి ఉన్నప్పటి మాట. బ్రేకు పట్టిన రెండు మూడు సెకన్లు దాన్ని దాటడం టైరుకి కొత్తేం కాదు, తయారుచేసేవాళ్లు అదీ చూసుకునే చేస్తారు. కానీ గాలి తగ్గించినకొద్దీ ఆ మిగులు తరిగిపోతుంది. సైడ్‌వాల్ ఎక్కువ నొక్కుకుంటుంది, హ్యాండిల్ తిప్పాక బండి తిరగడానికి ఆలస్యం చేస్తుంది.

వంపులో కూడా బరువు పెరుగుతుంది. 45 డిగ్రీల వాలులో టైరు మీద పడే మొత్తం బలం నిటారుగా ఉన్నప్పటికి 1.4 రెట్లు. వెనక టైరు దగ్గర 177 కాస్తా 250 అవుతుంది. దానిమీద థ్రాటిల్ (యాక్సిలరేటర్) తిప్పితే పడే బలం అదనం.

ఇక్కడే నా అనుమానం మొదలైంది. గాలి తగ్గించడానికి చెప్పే కారణాలు రెండు: నేలను తాకే భాగం పెరుగుతుంది, టైరు బాగా వంగి లోపలి నుంచి వేడెక్కుతుంది. తేలిక బండికి ఈ రెండూ గాలి తగ్గిస్తేనే వస్తాయి. బరువు బండికి ఆ పని సగం బరువే చేసిపెడుతుంది. అలాంటప్పుడు అంత కిందకి దించాల్సిన అవసరం ఎందుకుంటుంది?

సరంజామా

సస్పెన్షన్ ముందే సర్దేశాను. నా బరువుకి బండి ఎంత కుంగుతుందో (సాగ్) చూసి స్ప్రింగు బిగువు (ప్రీలోడ్) పెట్టి, ఇక రోజంతా దాన్ని ముట్టుకోకూడదని నిర్ణయం. గాలీ సస్పెన్షన్ క్లిక్కులూ ఒకేసారి మారిస్తే ఏది దేనివల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

గేజ్ ఒకటే, గాలి వదలడానికి బటన్ ఉన్నది. రెండు గేజ్‌లు ఉంటే రెండు అంకెలు చూపిస్తాయి, ఏది నిజమో అన్న చర్చలో సెషన్ అయిపోతుంది. గేజ్ అర పీఎస్ఐ తప్పు చూపించినా నష్టం లేదు, రోజూ అదే తప్పు చూపిస్తే చాలు. వాల్వ్ మూతలు లోపల రబ్బరు వాషర్ ఉన్న లోహపువి. చక్రం జోరుగా తిరిగేటప్పుడు నిలువు వాల్వ్‌లోని పిన్ను రిమ్ము వైపు జరగాలని చూస్తుంది, అటు జరిగితే వాల్వ్ తెరుచుకున్నట్టే. అప్పుడు గాలిని ఆపేది ఆ మూతే. ప్లాస్టిక్ మూతలు మట్టి ఆపడానికి మాత్రమే.

నైట్రోజన్ గురించి చాలా మాటలు వింటాం. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, అందులో మాయ ఏమీ లేదు. తేడా అంతా తేమలో ఉంది. కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు నిలిచి ఉంటే గాలితో పాటు కొద్దిగా టైరులోకీ వెళ్తాయి. 30 డిగ్రీల దగ్గర ఆ నీటి ఆవిరి ఒత్తిడి అర పీఎస్ఐ చిల్లరే. 70 డిగ్రీలకు వచ్చేసరికి అది నాలుగున్నర పీఎస్ఐ. వెనక టైరులో ఆ ప్రభావం కనబడటానికి చిన్న చెంచాడు నీళ్లు చాలు. ఇలాంటి గాలి పట్టిస్తే సెషన్‌కో అంకె చూపించి పిచ్చెక్కిస్తుంది. అందుకని డ్రయ్యర్ ఉన్న కంప్రెసర్ దగ్గర రెండు టైర్లూ పూర్తిగా ఖాళీ చేసి మళ్లీ నింపాను. పొడి గాలి దొరికితే నైట్రోజన్ కోసం పరిగెత్తక్కర్లేదని నా అభిప్రాయం.

మొదటి సెషన్: 42, 42

పొద్దున నీడలో 27 డిగ్రీలు. బండి రాత్రంతా నిలిచి ఉంది కాబట్టి ఇది నిజంగా చల్లటి అంకె. టైరు మీద ఎండ పడితే ఒకవైపే కాగి ఒకటి రెండు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది, కనుక నీడలోనే చూశాను. మాన్యువల్ అంకెతోనే మొదలుపెట్టాను. పోల్చడానికి ఒక ఆధారం ఉండాలి కదా.

ఎలా ఉందంటే, గట్టిగా. సరళరేఖలో బాణంలా పోయింది, బ్రేకుల దగ్గర ముందు టైరు చెక్కలా నిలబడింది. వంపు మధ్యలో చిన్న గతుకు వస్తే మాత్రం ముందు చక్రం దాని మీద నుంచి ఎగిరి పక్కకి దిగేది. రెండో గేరులో థ్రాటిల్ తెరిస్తే వెనక టైరు సన్నగా జారేది. అది భయపెట్టే జారుడు కాదు, కానీ హెచ్చరిక. బయటికొచ్చి చూస్తే టైరు మీద నలిగిన పట్టీ చాలా సన్నగా ఉంది.

పిట్‌లో ఆగీ ఆగగానే: ముందు 46, వెనక 48.5.

వేడి అంకెను చదవడం

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే మిగతా రోజంతా దీని మీదే నడిచింది.

మూసి ఉన్న టైరులో గాలి వేడెక్కితే ప్రెజర్ దానికి తగ్గట్టే పెరుగుతుంది. లెక్క కట్టేటప్పుడు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. గేజ్ చూపించేది బయటి వాతావరణం కంటే ఎంత ఎక్కువుందో అంతే, కాబట్టి దానికి 14.7 కలపాలి. డిగ్రీలకు 273 కలపాలి. 42 అంటే నిజానికి 56.7. 27 డిగ్రీలంటే 300. వెనక టైరు 48.5కి, అంటే 63.2కి పెరిగిందంటే లోపలి గాలి 61 డిగ్రీలకు చేరిందన్నమాట. ముందుది 48 డిగ్రీల దగ్గరే ఆగింది.

దీంతో గేజే థర్మామీటర్ అయిపోయింది. చేతిలో పట్టుకునే ఇన్‌ఫ్రారెడ్ గన్ నా దగ్గరా ఉంది, కానీ అది చూపించేది పై పొర వేడి మాత్రమే. చివరి ల్యాపు నెమ్మదిగా వచ్చి, పిట్‌లో వరుసలో నిలబడి, స్టాండ్ వేసేలోగా పై పొర చల్లారిపోతుంది. లోపలి గాలి అంత త్వరగా చల్లారదు. టైరు లోపలి పొరలు ఎంత కాగాయో అది నెమ్మదిగా, నిజాయితీగా చెప్తుంది. ముందు చక్రంలో మాత్రం బ్రేకు డిస్కుల వేడి కూడా రిమ్ము ద్వారా గాలికి చేరుతుందని మర్చిపోకూడదు.

ఈ విషయం పెద్ద రేసుల్లోనే బాగా కనబడుతుంది. 2025 థాయ్‌లాండ్ మోటోజీపీలో ముందున్న మార్క్ మార్కెజ్ కావాలని వేగం తగ్గించి తమ్ముడు అలెక్స్‌ను ముందుకు పోనిచ్చాడు. ఒంటరిగా చల్లగాలిలో పోతుంటే ముందు టైరు ప్రెజర్ కనీస హద్దు కంటే కిందే ఉండిపోతోంది. తమ్ముడి వెనక, అతని బండి వదిలే వేడిగాలిలో చాలా ల్యాపులు నడిపి ప్రెజర్ పెంచుకుని, చివర్లో దాటి గెలిచాడు. గాలి అంకె అంటే వేడి అంకె అని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

రెండో ఉపయోగం: టైర్లు కాగి ఉండగానే తర్వాతి సెషన్‌కి గాలి సర్దుకోవచ్చు. చల్లగా ఉన్నప్పుడు 36 కావాలి. ముందు టైరు 48 డిగ్రీల్లో ఉంది కాబట్టి 50.7ని 321తో గుణించి 300తో భాగిస్తే 54.2, గేజ్‌లో 39.5. వెనక టైరు 61 డిగ్రీల్లో ఉంది కాబట్టి 41.8. ఆ అంకెల దాకా గాలి వదిలాను. కాగిన టైరును 36కి దించి ఉంటే చల్లారాక ముందుది 33 దగ్గర, వెనకది 31 దగ్గర ఉండేవి, నేనేమో 36 పెట్టాననుకునేవాణ్ని.

36, 36

బండి మారిపోయినట్టుంది. గతుకు మీద ముందు చక్రం ఎగరడం ఆగింది. వంపు మధ్యలో టైరు ఏం చేస్తోందో చేతులకి తెలిసింది. వెనకది థ్రాటిల్ దగ్గర ఇంకా అప్పుడప్పుడు కదులుతోంది కానీ ముందే చెప్పి కదులుతోంది. బ్రేకుల దగ్గర బలం ఎక్కడా తగ్గలేదు.

వేడిగా: ముందు 41.5, వెనక 43.5. అంటే లోపలి గాలి ముందు 59 డిగ్రీలు, వెనక 71. ముందు పెరుగుదల 15 శాతం, వెనక 21. "ముందు పది, వెనక ఇరవై శాతం పెరగాలి" అని ఒక నానుడి చాలామంది నోట వినబడుతుంది. సరదాగా పోల్చుకోడానికి బాగుంటుంది గానీ దాన్ని పట్టుకు వేలాడకూడదు. పెరుగుదల శాతం ఎండను బట్టి, నడిపేవాడి జోరును బట్టి మారిపోతుంది.

ఇంతటితో ఆగిపోయినా పర్లేదు. ట్రాక్‌కి మొదటిసారి వెళ్లే బరువు బండి వాళ్లకి నేను ఇదే చెప్తాను: మాన్యువల్ అంకె నుంచి ఆరు దించి మొదలుపెట్టండి, ఒక రోజంతా దానితోనే నడపండి.

31, 30

తేలిక బండ్ల వాళ్ల అంకె. దీన్ని పరీక్షించకపోతే ప్రాజెక్టుకి అర్థం లేదు. మొదటి ల్యాపుల్లో బ్రేకులు నెమ్మదిగా పట్టి, హద్దులో ఉండి నడిపాను.

మొదటి కొన్ని ల్యాపులు చెప్పలేనంత బాగున్నాయి. టైరు త్వరగా కాగింది, వంపులో నేలకి అతుక్కున్నట్టుంది. ఆ తర్వాత మెల్లగా బయటపడింది అసలు రంగు. పొడవైన సరళరేఖ చివర గట్టిగా బ్రేకు పట్టి వంపులోకి తిప్పేచోట హ్యాండిల్ బరువెక్కింది. తిప్పిన తర్వాత అర క్షణం ఏమీ జరగదు, ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది. బ్రేకు వదులుతుంటే ముందు భాగం ఊగుతోంది. వంపు బయటికి వచ్చేటప్పుడు థ్రాటిల్ తెరిస్తే వెనక భాగం మెల్లగా అటూ ఇటూ తూగుతోంది. వెనక షాక్ పాడైందేమో అనిపించేంత. సెషన్ పూర్తి చేయకుండానే లోపలికి వచ్చాను.

అంకెలు: ముందు 38, వెనక 40. ముందు గాలి 73 డిగ్రీలు. వెనక 94.

రోడ్డు టైరులో గాలి 94 డిగ్రీలుంటే నేలను తాకే రబ్బరు అంతకంటే వేడిగా ఉండి ఉంటుంది. టైరు చూస్తే కుడి అంచు మీద సన్నటి గీతల్లాంటి చిరుగులు, పైపైనే, నీలం ఛాయతో. ఇది వేడి ఎక్కువై వచ్చే చిరుగు. లోతుగా పెచ్చులు లేచినట్టుంటే అది చల్లటి చిరుగు, పైన కాగి లోపల కాగని టైరులో వస్తుంది. పిట్‌లోకి వచ్చేటప్పుడు లైను బయట అంటుకునే రబ్బరు ఉండల్ని చూసి చిరుగనుకోవద్దు. వేలితో తీస్తే వచ్చేస్తాయి.

ఈ సెషన్ అంకెల్లో నాకు నచ్చిన సంగతి ఇంకొకటుంది. చల్లగా ముందు టైరు 42 నుంచి 31కి, అంటే 11 తగ్గించాను. వేడిగా తేడా 46కీ 38కీ మధ్య 8 మాత్రమే. గాలి తగ్గితే టైరు ఎక్కువ వంగుతుంది, ఎక్కువ కాగుతుంది, తగ్గించిన గాలిలో కొంత వేడి రూపంలో తిరిగి పూడ్చుకుంటుంది. కాబట్టి ఒక హద్దు దాటాక గాలి తీసినందుకు దక్కే లాభం తక్కువ, కాలే రబ్బరు ఎక్కువ. తేలిక బండికి ఆ హద్దు 30 దగ్గర ఉండొచ్చు. 264 కిలోల బండికి అంతకంటే చాలా పైనే ఉంది.

34, 33

మధ్యలో ఎక్కడో ఆగాలని తేలింది. ముందు వెనక కంటే ఒకటి ఎక్కువ ఉంచడానికి కారణం పైన వేసిన బ్రేకు లెక్కే. ఈ బండికి ముందు టైరే హద్దు గీస్తోంది. వెనకది జారితే ముందే చెప్తుంది, సర్దుకోవచ్చు. ముందుది ముడుచుకుంటే సర్దుకునే సమయం ఇవ్వదు.

వేడిగా ముందు 40, వెనక 41. గాలి ముందు 64 డిగ్రీలు, వెనక 77. బ్రేకుల దగ్గర 36 అంత గట్టిగా లేదు గానీ హ్యాండిల్ ఆలస్యం లేదు. వంపులో 36 కంటే ఒక మెట్టు పైనే. వెనకది సెషన్ చివరిదాకా ఒకేలా ఉంది, ఇదే నాకు ముఖ్యం. ల్యాపు టైములు చూసి గాలి నిర్ణయించడం నాకు నచ్చదు. మధ్యాహ్నానికి రైడర్ కూడా ట్రాక్‌కి అలవాటు పడి వేగంగా వెళ్తాడు, ఆ క్రెడిట్ టైరుకి పోతుంది.

మధ్యాహ్నం

నీడలోనే 36 డిగ్రీలు. తారు చేతితో ముట్టుకోలేనంత కాగింది. పొద్దుటి గాలే ఉంచి వెళ్తే ముందు 41, వెనక 42 పైచిలుకు వచ్చింది. ముందు 70 డిగ్రీలు, వెనక 85.

పుస్తకంలో రాసినట్టు చేస్తే, వేడి అంకె లక్ష్యం 40, 41 కాబట్టి చెరో పీఎస్ఐ వదలాలి. ముందు టైరుకి అలాగే చేశాను. వెనకది ముట్టుకోలేదు. 85 దగ్గరున్న టైరులో ఇంకా గాలి తీస్తే ఇంకా వంగుతుంది, ఇంకా కాగుతుంది, మళ్లీ ప్రెజర్ పెరుగుతుంది, మళ్లీ తీయాలి. ఆ వెంటపడటానికి అంతు లేదు. దానికి మందు గాలిలో లేదు, చివరి ల్యాపులు వదిలేసి చల్లార్చుకోవడమే. అలాగే చేశాను.

ఎండ ఎక్కాక కొత్తగా గాలి నింపేవాళ్లు ఒకటి చూసుకోవాలి. పొద్దున 27 డిగ్రీల్లో పెట్టిన 34, మధ్యాహ్నం 36 డిగ్రీల్లో బండి కదలకుండానే 35.5 అవుతుంది. మధ్యాహ్నం 34 అని నింపితే టైరులో పొద్దుటి కంటే తక్కువ గాలి ఉన్నట్టే. అందుకే నోట్‌బుక్‌లో చల్లటి అంకె పక్కన ఉష్ణోగ్రత రాయకపోతే ఆ అంకెకి విలువ లేదు.

పక్క పిట్‌లో మిత్రుడి బండి బీఎండబ్ల్యూ. డాష్‌లోనే ప్రెజర్ కనబడుతుంది, కాబట్టి గేజ్ ఎందుకని అతని వాదన. అతనిది వేడెక్కిన తర్వాత కూడా 36 దగ్గరే కదలకుండా ఉండటం చూసి "నా టైరు కాగట్లేదన్నా" అని మొదలుపెట్టాడు. ఆ బండ్లలో డాష్ చూపించే అంకె టైరు 20 డిగ్రీల్లో ఉంటే ఎంత ఉండేదో లెక్కగట్టి చూపిస్తుంది. రోడ్డు మీద అది మంచి ఏర్పాటు, గాలి కారుతోందా లేదా అన్నది వేడితో సంబంధం లేకుండా తెలుస్తుంది. ట్రాక్ మీద మనకి కావలసిన పెరుగుదలే అందులో కనబడదు. నా గేజ్ పెట్టి చూస్తే 43 ఉంది.

వాన వస్తే

రాలేదు గానీ ఏం చేయాలో ముందే రాసి పెట్టుకున్నాను. తడిలో గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుందని ఒక నమ్మకం ఉంది. రోడ్డు టైరుకి అది తిరగబడే ప్రమాదం ఉంది. 1960ల్లో నాసావాళ్లు విమానాల టైర్లకి కట్టిన సూత్రం ప్రకారం, నిలిచిన నీటి మీద టైరు తేలిపోయే వేగం నాట్లలో (ఒక నాట్ గంటకు 1.85 కిలోమీటర్లు) పీఎస్ఐ ప్రెజర్ వర్గమూలానికి తొమ్మిది రెట్లు. 42 పీఎస్ఐకి గంటకు 108 కిలోమీటర్లు, 34కి 97. బైకు టైరు గుండ్రంగా ఉండి నీటిని చీల్చుకుపోతుంది కాబట్టి ఈ అంకెలు అలాగే వర్తించవు, కానీ దిశ మాత్రం అదే. గాలి తగ్గితే టైరు నీటిని నొక్కి పక్కకి తోసే బలం తగ్గుతుంది, గాడులు కూడా మూసుకుంటాయి. వానకి నా అంకె 36, 36.

ఇంటికి

ఇవాళ్టి అంకెలతో రోడ్డెక్కకూడదు. ఇప్పుడు 40, 41 చూపిస్తున్న టైర్లు రేపు పొద్దున 33, 33 చూపిస్తాయి. వెనక మనిషినీ సంచినీ ఎక్కించుకుని హైవే మీద పోవడానికి అది సరిపోదు. బండిని నీడలో పెట్టి, పూర్తిగా చల్లారాక తిరిగి 42, 42 నింపాను. కాగిన టైరులో 42 నింపితే ఇదే తప్పు ఇంకో రూపంలో చేసినట్టు.

తర్వాతిసారికి

ముందు టైరు 34 దగ్గర ఖాయం. వెనక 33 నుంచి 34కి ఒక్క మార్పు చేసి చూడాలి. ట్రాక్‌లో కుడి వంపులు ఎక్కువ కాబట్టి కాగేది, అరిగేది కుడి అంచే. ఎడమ వంపు వచ్చేసరికి ఆ అంచు చల్లగా ఉంటోంది, దాన్ని గాలితో సరిచేయలేం, అక్కడ థ్రాటిల్ నెమ్మదిగా తెరవడమే. వెనక టైరులో గాలి వేడి ఇలాంటి పొద్దున 77 డిగ్రీల నుంచి 74, 75కి దిగి, జారుడు పెరగకపోతే 34 ఉంచేస్తాను. వేడి దిగకుండా జారుడు మాత్రం పెరిగితే మళ్లీ 33కి వచ్చి, వెనక షాక్ రీబౌండ్ (నొక్కుకున్నాక తిరిగి లేచే వేగం) రెండు క్లిక్కులు మార్చి చూడాలి.